వారం వారం చూసుకోవాల్సిన సర్వరు

"ఇది ఆఫీసు సర్వరా, మీ ఇంటి అటకా?"

నేహ పైడిబాబుతో అన్న మొట్టమొదటి మాట అది. చెల్లెలు రజని పెళ్లి వీడియో మొత్తం, అప్పగింతల ఏడుపులతో సహా, ఆఫీసు సర్వర్లో దాచుకున్న సైట్ సూపర్‌వైజరు తలొంచుకుని నిలబడ్డాడు. ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునే ఆ అమ్మాయికి కోపమొచ్చినా బాగుంటుందని అతనికి అప్పుడే తెలిసింది. తెలియకపోతే సుఖంగా ఉండేవాడు.

"నెలాఖరుకి తీసేస్తాను. ఇంట్లో చిన్న ఫైల్ సర్వర్ పెట్టుకోండి. పాత డెస్క్‌టాప్ ఏదైనా ఉందా?"

"ఉందండి. పెట్టడమే రాదు."

నేహ నిట్టూర్చింది. "ఠీక్ హై. ఆదివారం నేనొచ్చి పెడతాను."

ఆమె వస్తుందన్న సంతోషం పైడిబాబుకి ఒక పూట నిలిచింది. తర్వాత బెంగ పట్టుకుంది. వస్తుంది, పెడుతుంది, పోతుంది. పోయాక మళ్లీ ఈ గడప తొక్కే అవసరం ఆమెకేముంటుంది? కూర్చుని ఇంటర్నెట్ అంతా గాలించాడు. చివరికి ఒక నిర్ణయానికొచ్చాడు.

ఆదివారం పొద్దున కంపెనీ కాలనీ అయిన కద్మా నుంచి స్కూటీ మీద, రైల్వే యార్డు పక్కనున్న బాగ్‌బేరాలో పైడిబాబు ఇంటికి వచ్చిన నేహ, వస్తూనే పెన్‌డ్రైవ్ తీసింది.

"ఏ ఆపరేటింగ్ సిస్టమ్ పెడదాం? నన్నడిగితే ఓపెన్ మీడియా వాల్ట్. ఇలాంటి పనికే చేసింది. ఒకసారి పెట్టాక ఇక మర్చిపోవచ్చు."

మర్చిపోవచ్చు! పైడిబాబు కంగారుగా ముందుకి జరిగాడు.

"ఆర్చ్ లినక్స్ పెడదామండి."

నేహ కేబుల్ వదిలేసి అతనికేసి చూసింది. "ఫైల్ సర్వర్‌కా? మీకు లినక్స్ వచ్చా?"

"రాదండి."

"మరి? అందులో అన్నీ మన చేత్తోనే పెట్టుకోవాలి. అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. వారం వారం చూసుకోవాలి."

"వారం వారమా?" గొంతులో ఉత్సాహం దాగలేదు. "ఆదివారాలు నాకు ఖాళీయేనండి."

"మీకు ఖాళీయే. చూసేదెవరు?"

పైడిబాబు సీలింగ్ ఫ్యాన్ వంక శ్రద్ధగా చూశాడు.

టీ తెచ్చిన తల్లి సన్యాసమ్మ గుమ్మంలో ఆగింది. "ఏటమ్మా, కంప్యూటర్ దగ్గర కూడా తగువేనా?"

"మీరే చెప్పండి ఆంటీ. పాడవనిది కావాలా, మాటిమాటికీ చూసుకోవాల్సింది కావాలా?"

"పాడవనిదేనమ్మా. పాడయ్యేదాన్ని ఎవులైనా కోరి తెచ్చుకుంటారేటి?"

"మీ అబ్బాయి."

సన్యాసమ్మ కొడుకుని ఎగాదిగా చూసింది. సెలవురోజు ఇస్త్రీ చొక్కా ఎందుకేసుకున్నాడో పొద్దుట్నించీ ఆమెకి అంతు చిక్కలేదు. ఇప్పుడు చిక్కినట్టుంది. ఏమీ అనకుండా లోపలికెళ్లింది. అదే పైడిబాబుని ఎక్కువ భయపెట్టింది.

"త్వరగా తేల్చండి," అంది నేహ, హార్డ్‌డిస్క్ బిగించి కంప్యూటర్ ఆన్ చేస్తూ. "వచ్చే ఆదివారం నాకు కుదరదు. ఇంట్లో పెళ్లిచూపులు."

పైడిబాబుకి టీ పొలమారింది. "ఎవరికండి?"

"నాకే. పుణె అబ్బాయి. క్లౌడ్ ఇంజనీరు."

పైడిబాబు తన డెస్క్‌టాప్ వంక చూశాడు. దానిమీద అమ్మ అల్లిన పూల గుడ్డ ఉంది.

"అయితే... ఏదో ఒకటి పెట్టెయ్యండి."

నేహ ముఖం ముడుచుకుంది. ఏదో అనబోయింది. అంతలో ఫ్యాన్ ఆగింది, తెర నల్లబడింది.

"క్యా హువా?"

"కరెంటు పోయిందండి."

"పోవడమేంటి?" మిట్టమధ్యాహ్నం సూరీడు అస్తమించాడన్నట్టు అడిగింది కద్మా పిల్ల. "ఎప్పుడొస్తుంది?"

"అది దానికే తెలియాలండి. మీ కంపెనీ కాలనీలో పోదు గానీ, మాకిది మామూలే."

వరండాలో కూర్చున్నారు. అవతల రైల్వే యార్డులో ఇంజను వ్యాగన్లని అటూ ఇటూ తోస్తోంది. నేహ హార్డ్‌డిస్క్ అట్టపెట్టెతో విసురుకుంటోంది.

"సచ్ బోలియే, నిజం చెప్పండి. ఆర్చ్ పేరు మీకెక్కడ దొరికింది?"

చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే ఆమె పోతుంది. పరువే చవకగా కనిపించింది.

"ఏది పెడితే మెకానిక్‌ని ఎక్కువసార్లు పిలవాలో వెతికానండి."

"మెకానిక్కా?"

"అంటే... మీరు."

అట్టపెట్టె ఆగిపోయింది. యార్డులో రెండు వ్యాగన్లు ధనామని గుద్దుకున్నాయి. రేపు ఆఫీసులో అందరికీ చెబుతుందా? రజని పెళ్లి ఇవాళే చెరిపేస్తుందా?

"అంటే ఏదో ఒకటి పాడైతేనే నేను మీ ఇంటికి రావాలా?"

"ఇంకెలా వస్తారండి?"

"పిలిస్తే వస్తాను. అంత కూడా తెలీదా, బుద్ధూ?" నేహ యార్డు వైపు చూస్తూ అంది. "పెళ్లిచూపులని చెబితే ఏమంటారో చూద్దామనుకున్నా. ఏదో ఒకటి పెట్టెయ్యమన్నారు! ఆ పుణె ఆయన ఫోన్లో గంటసేపు చెప్పాడు, ఏదీ ఇంట్లో ఉంచుకోకూడదట, అంతా క్లౌడేనట. నాకేమో కళ్లెదురుగా ఉండేదంటేనే నమ్మకం. వద్దని నాన్నకి ఎలా చెప్పాలా అని చూస్తున్నా. ఇవాళ చెప్పేస్తాను."

పైడిబాబు నోరు తెరిచాడు. మాట రాలేదు. కరెంటు వచ్చింది.

లోపల వెలుగు పడేసరికి కిటికీ అవతల సన్యాసమ్మ కనిపించింది.

"అమ్మా! ఎంతసేపట్నుంచి ఉన్నావక్కడ?"

"కరెంటు పోయినకాణ్ణించి," అంది ఆవిడ, ఏ మొహమాటం లేకుండా. తర్వాత నేహ వైపు తిరిగింది. "మీ నాన్నగారికి చెప్పమ్మా. వచ్చే ఆదివారం చూపులు మానొద్దను. మేం వత్తాం."

నేహ చెవులదాకా ఎరుపెక్కి, గబగబా వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది. "ఇంతకీ ఏది పెట్టమంటారు?"

"పాడవనిదేనండి," అన్నాడు పైడిబాబు.

"ఆ కరెంటు సంగతి కూడా ఏటో చూడమ్మా, పోకుండా," అంది సన్యాసమ్మ.

నేహ తెర మీంచి తల తిప్పలేదు.

"కంప్యూటర్ వరకు బ్యాటరీ పెడతానాంటీ. ఇంట్లో కరెంటు మాత్రం అప్పుడప్పుడూ పోనివ్వండి."