పద్నాలుగు రోజుల కల్లు

తెర మీద హత్యలు జరుగుతున్నాయి. కల్లుగీత పని చేసే గునగంటి మల్సూర్ కళ్లార్పకుండా చూస్తున్నాడు. ఒక పక్కనుంచి గుండ్రటి కణాలు తీరుబడిగా వచ్చాయి. అవి ఇంకా దగ్గరికి రాకముందే, కోలగా ఉన్న చిన్న కణాలు వణికి, పొట్టలు పగిలి, లోపలున్నదంతా కక్కుకుని చచ్చాయి. నిమిషం గడిచేసరికి తెరంతా పీనుగులే.

“చచ్చినవి మీ కల్లులో ఉండే ఈస్ట్,” అంది డాక్టర్ హైమ. “చంపినవి నావి.”

మల్సూర్‌కు ఒళ్లు మండింది. కానీ తప్పు తనదేనని ఆమె మొహం మీదే ఒప్పుకుంది.

తాళ్లగూడెం శివార్లలోని ఈ బ్రూవరీ వాళ్లకు ఒక పిచ్చి పట్టింది. నాలుగు వందల ఏళ్ల కిందట బెల్జియంలో ఒక మఠం సన్యాసులు కాచిన ఏల్ బీరును, అదే రుచితో, మళ్లీ తయారు చేయాలి. తయారీ విధానం పాత కాగితాల్లో దొరికింది. మాల్ట్ ఓడలో వచ్చింది. ఈస్ట్ మాత్రం ఎప్పుడో అంతరించిపోయింది. అప్పుడు హైమ రీజెన్ చాంబర్ కట్టింది. పాత పీపా చెక్కకు అంటుకున్న ఎండు మరకలోంచి ఆ యంత్రం తెగిపోయిన డీఎన్ఏ ముక్కలు ఏరి, వరస కూర్చి, ఖాళీలు తానే పూరించి, బతికున్న ఈస్ట్‌ను ముద్రించి ఇచ్చింది. దానికి తొందర లేదు, పద్నాలుగు రోజులకు గానీ బీరు కానివ్వదు. పొరుగు ఈస్ట్ పొడ మాత్రం గిట్టదు, విషం కక్కి చంపేస్తుంది. మౌనవ్రతం పట్టిన సన్యాసులు పెంచిన జీవి అంత కర్కోటకురాలు మరి.

బీరు తీశాక మిగిలిన పిప్పిని కంపెనీ ఊళ్లో గేదెలకు పంచింది. పిప్పి కలిపిన చేతులే చెట్టుకు కట్టే కల్లు కుండను, లొట్టిని, పట్టాయి. పొద్దున గీసిన కల్లు మధ్యాహ్నానికి నురగలు కక్కాల్సింది, పంచదార నీళ్లలా ఉండిపోయింది. కల్లు గీసే గౌండ్ల వాళ్లకు ఒక అలవాటుంది. ఒకరి లొట్టి పులవకపోతే పక్కవాడి లొట్టి అడుగునుంచి గుక్కెడు తెచ్చి, పాలకు తోడేసినట్టు వేస్తారు. ఈసారీ అదే చేశారు. అలా లొట్టి నుంచి లొట్టికి చావును వాళ్లే మోసుకెళ్లారు. ఇరవై రోజుల్లో ముప్పై ఊళ్ల కల్లు చచ్చింది. మత్తు లేక చేతులు వణికే తాగుబోతులు గీసేవాళ్లే మోసం చేస్తున్నారన్నారు. మల్సూర్ వాళ్లన్న ఎల్లయ్యను కల్లు అమ్మే కాంపౌండ్‌లోనే సీసాలతో పొడిచి చంపారు.

అందుకే మల్సూర్ పిప్పి మీద అనుమానంతో, ఊళ్లో ఎవరికీ చెప్పకుండా ఇక్కడికొచ్చాడు. గుట్ట మీద ఒంటి తాటిచెట్టు ఒకటుంది. రెండు నెలలుగా దాని జోలికి ఎవరూ పోలేదు. చేతులు వేడినీళ్లతో కడుక్కుని ఎక్కి, గెల కొత్తగా గీసి, దానికున్న పాత లొట్టిలోనే కల్లు పట్టి దించుకొచ్చాడు. అందులో నురగ ఉంది.

హైమ ఆ నురగ చూసి కుర్చీలోంచి లేచింది.

“నాలుగు రోజులివ్వండి మల్సూర్ గారూ. దీన్ని చదివి, నా విషానికి చావని కల్లు ఈస్ట్‌ను ముద్రించి ఇస్తాను. ఈ చుట్టుపక్కల ఇలాంటి లొట్టి ఇంకోటి దొరుకుతుందన్న ఆశ నాకు లేదు. మా ట్యాంకు చుక్క ఒక్కటి ఇందులో పడిందా, ఇక అంతే.”

మల్సూర్ లొట్టికి తువ్వాల చుట్టి ఆమెకు అందించబోతుండగా బయట గేటు కూలిన చప్పుడైంది.

పిప్పి సంగతి ఊళ్లకూ తెలిసిపోయింది, రెండు వందల మంది వచ్చారు. కాపలావాడు అడ్డం పోతే తల పగలగొట్టి, అతని మీదుగానే నడిచారు. ముందున్నది గీత కార్మికుల సంఘం పెద్ద బిక్షం, మల్సూర్ భార్యకు తోడబుట్టినవాడు. అతను నేరుగా పెద్ద ట్యాంకు దగ్గరికి పోయి గొడ్డలెత్తాడు. మల్సూర్ లొట్టిని గుండెకు అదుముకుని ఉరికాడు.

“కొట్టకు బిక్షం. ఇది పగిలితే ఊరూరికి పాకుతది. విరుగుడు తయారైతున్నది, నాలుగు దినాలు ఆగు.”

“ఎల్లయ్య పెద్దబావను పొట్టన పెట్టుకున్నోళ్ల దిక్కు నిలబడ్డవా బావా?”

గొడ్డలి లేచింది. మల్సూర్ నడుముకున్న గీత కత్తి దూశాడు. ముప్పై ఏళ్లలో తాటిగెల తప్ప ఇంకేదీ కోయని కత్తి అది. బిక్షం వేళ్లు మూడు తెగి గచ్చు మీద పడ్డాయి. గొడ్డలి జారింది గానీ, వెనక ఇంకా చాలా గొడ్డళ్లున్నాయి. ఆపబోయిన హైమ దవడ మీద ఇనుపరాడ్ దెబ్బ పడింది. ఆమె నోటినిండా రక్తంతో కూలిపోయింది. ట్యాంకు భళ్లున పగిలింది.

మోకాళ్ల లోతున బీరు పారింది. మల్సూర్ లొట్టిని రెండు చేతులా తల మీదికెత్తి పట్టుకున్నాడు. ఒక దెబ్బకు మోచేయి విరిగినా వదల్లేదు. రెండో దెబ్బకు లొట్టి పగిలి, ఉన్నదంతా ఆ నురగలోనే పడింది. అతను మోకాళ్ల మీద కూర్చుని పెంకుల కోసం తడుముకున్నాడు, పిచ్చివాడిలా ఏడ్చాడు.

కోపం చల్లారాక ఎవడో వేళ్లు నాకాడు. లవంగం, అరటిపండు వాసన. ఇంకొకడు దోసిలి పట్టాడు. తర్వాత అందరూ పట్టారు. పగలగొట్టినవాళ్లకే పారబోయడానికి మనసొప్పలేదు. కాపలావాడి నెత్తురు కలిసిన ఆ బీరునే బిందెల్లో, సీసాల్లో నింపుకుని ఎవరి ఊరికి వాళ్లు పట్టుకుపోయారు.

ఏడాది తిరిగేసరికి ఏడు జిల్లాల్లో ఎక్కడా అదే రోజు తాగే కల్లు లేదు. తాటినీళ్లు లొట్లలో పోసి పద్నాలుగు రోజులు ఆగాల్సిందే. హైమ దవడ వంకరగా అతికింది. మళ్లీ చాంబర్ ముందు కూర్చుంది గానీ, చదవడానికి బతికున్న కల్లు ఎక్కడా దొరకలేదు. వేళ్లు ఎలా పోయాయని పోలీసులు అడిగితే, చెట్టు మీదినుంచి పడ్డానన్నాడు బిక్షం. చెల్లెలి పుస్తె ముఖం చూసి ఆ అబద్ధమాడాడు.

మోచేయి సరిగా అతకని మల్సూర్ ఇప్పుడు చెట్టెక్కడు. ఎల్లయ్య పోయిన కాంపౌండ్‌లోనే కల్లు పోస్తున్నాడు. ఒక సాయంత్రం బిక్షం వచ్చి ఎడమచేత్తో ముంత పట్టాడు. నిదానంగా తాగాడు. మీసం తుడుచుకున్నాడు.

“ఏమనుకోకు బావా. పెద్దబావ గీసిన కల్లు గూడ ఇంత మంచిగ లేకుండె.”

మల్సూర్ దాన్ని చాలాసార్లు తాగి చూశాడు. ఆ మాట నిజమని అతనికీ తెలుసు. ఇంకో ముంత పోశాడు.