లింగన్న వంతు

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు వదులుతుందని మా వైపు పెద్ద నమ్మకం. పాన్‌గల్‌లో మణెమ్మ అట్లా పుట్టిన మనిషి. పత్తికి మందు కొట్టే రోజుల్లో సాయంత్రమైతే ఆమె వాకిట్లో మగవాళ్లు వరుసగా బోర్లా పడి ఉంటారు. ఇంటర్ దాకా చదివినవాణ్ణి కదా, నేను వాళ్లను చూసి నవ్వేవాణ్ణి. నడుము పట్టుకున్నాక నవ్వు పోయింది. చివరికి నా భార్య జయశ్రీ పోరు పడలేక నేనూ బయల్దేరాను.

అప్పటికే వనపర్తిలో ఎక్స్‌రే తీయించుకున్నాను. ఎముక బాగానే ఉందట. వీపున ఇరవై లీటర్ల పంపు ఇక మోయొద్దని, మందు గాలి కూడా తగలనీయొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చెప్పడానికేం, తేలికే. తెల్లారితే వెంకట్రాములు పటేల్ రెండెకరాల పత్తికి మందు కొట్టాలి. నేను పోకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాడు. ఆ పంపు మోస్తేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఈ నొప్పి ఎక్కడిదో నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. పోయిన ఏడు నాతోపాటు కూలికొచ్చే లింగన్న, నేను ఒకే పంపుతో వంతులేసుకుని కొట్టేవాళ్లం. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, ఎదురుగాలిలో, నా వంతు వచ్చింది. ఒళ్లు బద్ధకించి, "అన్నా, నడుము పట్టేసింది" అని అబద్ధమాడాను. ఆయన మారుమాట లేకుండా పంపు మళ్లీ వీపుకెత్తుకున్నాడు. సాలు చివర నురగ కక్కుతూ పడిపోయాడు. దవాఖాన దాకా బతకలేదు. ఆయన దినాలైన మర్నాడే నా నడుము నిజంగా పట్టేసింది.

నేను వెళ్లేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆ రోజు మణెమ్మ వాకిట్లో ఎవరూ లేరు. "అత్తా, నేను రవిని" అని కేకేశాను. లోపల గిన్నెల చప్పుడు వినిపించింది. చొక్కా విప్పి బండ మీద బోర్లా పడుకుని కళ్లు మూసుకున్నాను. పగటి ఎండకు కాగిన బండ ఇంకా వెచ్చగా ఉంది. పక్కింట్లో టీవీ మోగుతోంది.

కాసేపటికి నడుము మీద ఒక పాదం ఆనింది.

చల్లగా ఉంది. తడిగా కూడా ఉంది. కాళ్లు కడుక్కుని వచ్చిందనుకున్నాను. మూడుసార్లు తొక్కి దిగడం మణెమ్మ పద్ధతి. ఒకటి... రెండు... మూడు...

దిగలేదు.

రెండో పాదం కూడా ఎక్కింది. మణెమ్మ బక్క మనిషి. ఇంత బరువు ఎక్కడిది? మందు వాసన గుప్పున కొట్టింది. కుళ్లిన ఉల్లిగడ్డలాంటి ఘాటు... గొంతులోకి దిగుతోంది.

అప్పుడు ఇంట్లోంచి మణెమ్మ గొంతు వినబడింది.

"జర ఆగు బిడ్డా, చేతులకు పిండున్నది. కడుక్కొని వస్త."

లేవబోయాను. బరువు లేవనీయలేదు. చెవి పక్కన... చాలా దగ్గరగా... ఒక గుసగుస.

"తమ్మీ... గీ పూట వంతు ఎవరిది?"

లింగన్న గొంతు.

నాదే అనాలి. ఏడాదిగా లోలోపల కుమిలిపోతూ దాచుకున్న మాట అదే. తప్పైంది అన్నా అని కాళ్లు పట్టుకోవాలి. కానీ భయం వేస్తే నా నోటికి అబద్ధమే ముందు వస్తుంది.

"నీదే... అన్నా."

పాదాలు దిగిపోయాయి.

మణెమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఏందిరా గట్ల వణుకుతున్నవ్? ఏడ నొస్తున్నది?"

"ఏడ లేదత్తా" అన్నాను. నిజంగానే లేదు. నొప్పి పూర్తిగా పోయింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ రాత్రి ఏడాది తర్వాత వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోయాను.

తెల్లారి ఇంకా చాయ్ తాగలేదు, పటేల్ ఫోన్ చేశాడు.

"రవీ, ఎప్పుడొచ్చి పోయినవ్‌రా? రెండెకరాలు తడితడిగ కొట్టినవ్. ఒక్క ఆకు ఇడ్వలే!"

నేను ఇంట్లోంచి కదల్లేదని చెప్పే ధైర్యం లేకపోయింది. "ఆ... పటేలా" అన్నాను.

"పని మంచిగనే చేసినవ్ గని, పంపు మల్ల నిండుగ నింపి గట్టు మీద పెట్టినవేంది? చేనంత అయిపాయె గద. ఇంక గా పంపు ఎవరికి?"