ఇంటి ఖర్చుల మీద బేరం

ఆ ఉదయం తగ్గింపుల బాబాయి చేతిలో ఉన్నవి ఇవి: ఇంకొకరి కొట్లో గుమాస్తా ఉద్యోగం, రెండు గదుల ఇల్లు, భార్య, తల్లి, మూతపడిన రంగుల కొట్టు మిగిల్చిన అప్పు. ఆ అప్పు ఎలా తీరుస్తాడో రాసిన ఒప్పందం మీద ఇవాళ పదకొండింటికి చివరి సంతకం పెట్టాలి.

కొనేవాడు నోరు తెరవకముందే ధర తగ్గించేవాడని బజారు అతనికి పెట్టిన పేరది. అతనికి ఆ పేరంటే ముచ్చట. ఒప్పందం దగ్గరా అదే పని చేశాడు. జీతంలో ఇంటికి సబబుగా అయ్యే ఖర్చు ఉంచుకుని మిగతాది నెలనెలా అప్పులవాళ్లకు కట్టాలి. వాయిదాలు తప్పితే ఇల్లు వేలానికి వస్తుంది. ఖర్చులు చెప్పమని అప్పుల పరిష్కారం ఆఫీసు అధికారిణి అడిగినప్పుడు ఎవరూ గీచి గీచి బేరమాడకముందే తనే సగానికి సగం కోసేశాడు. బట్టలు అక్కర్లేదన్నాడు. మందులు లేవన్నాడు. మూడేళ్లలో బాకీ మొత్తం తీర్చేస్తానన్నాడు. అప్పులవాళ్ల తరఫున వచ్చిన రంగుల కంపెనీ ఏజెంటు లేచి చెయ్యి కలిపాడు. బాబాయి ఉప్పొంగిపోయి, చివరి సంతకం కాకముందే ఆ లెక్కన వాయిదాలు కట్టడం మొదలుపెట్టాడు.

చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న అతని ముందుకు భార్య వచ్చి ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేసింది.

"ఒకసారి అత్తయ్య గదిలోకి రండి."

"టైమవుతోందే. వచ్చాక చూస్తాను."

"వచ్చాక చూడటానికేం ఉండదు. ఇప్పుడే రండి."

తల్లి కిటికీ పక్కన కూర్చుని ఉంది. అతను వెనకనుంచి పిలిచాడు. పలకలేదు. ఈ మధ్య ఆవిడకు మతిమరుపు వస్తోందనే అనుకుంటున్నాడు.

"మతి బాగానే ఉంది," అంది భార్య. "మీరు ఈపాటికి వెళ్లిపోయారనుకుని చెవి మిషను ఆపేసుకుంది. రోజూ మీరు గుమ్మం దాటగానే ఆపుతుంది, సాయంత్రం మీ చెప్పుల జోడు కనిపించగానే వేస్తుంది. బ్యాటరీలు అరిగిపోతాయట! నిన్న వెనకే పాలు పొంగి పొయ్యి ఆరిపోయి గ్యాసు బుసకొడుతుంటే, ఈవిడ ఇక్కడ హాయిగా వీధి చూస్తోంది. నేను ఇంకాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే?"

అతను గబగబా వెళ్లి గ్యాసు మీట కట్టి ఉందో లేదో చూసి వచ్చాడు.

"ఎవరడిగారండీ మిమ్మల్ని? గోడలకేసే రంగులో తగ్గించారు, ఊరుకున్నాను. ఇప్పుడు అత్తయ్య చెవుల్లో కూడా తగ్గింపేనా? పరువు మీకు, పస్తులు మాకా?"

"ఎగవేతగాడని అనిపించుకోకూడదనే కదే..."

"ఇప్పుడు మాత్రం ఎగ్గొట్టలేదా? వాళ్లకి కాదు, మాకు!"

కోడలి చేతులు గాల్లో ఆడటం చూసి తల్లి చెవి దగ్గర వేలు పెట్టి మిషను వేసుకుంది.

"ఎందుకే వాణ్ని సాధిస్తావు? వాడి అప్పులో నా వంతు నేను కడుతున్నాను, అంతేగా. ఇన్నేళ్లూ విన్నది చాల్లే."

వాయిదా తన జీతంలోంచి పోతోందనుకున్నాడు ఇన్నాళ్లూ. ఎవరి దగ్గర్నుంచి పోతోందో ఇప్పుడు లెక్క తేలింది. సగం ఇస్త్రీ అయిన చొక్కానే తొడుక్కుని, భార్యను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

ఆఫీసు గదిలో అధికారిణి కలం అందించింది. అతను తీసుకోలేదు.

"మేడమ్, నేను చెప్పిన ఇంటి ఖర్చులు అబద్ధం."

ఏజెంటు కుర్చీలో ముందుకు జరిగాడు. "చూశారా! ఎక్కువేసి చూపించాడని నాకు మొదట్నుంచీ అనుమానమే."

"ఎక్కువ కాదు బాబూ, తక్కువ."

అధికారిణి కళ్లజోడు తీసింది. "మీ అమ్మగారికి మందులు లేవా అని రెండుసార్లు అడిగాను. నవ్వి ఊరుకున్నారు. ఇలా కడుపు మాడ్చుకుని కడతామన్నవాళ్లు ఏడాది తిరక్కుండానే చేతులెత్తేస్తారు. అప్పుడు మీకు ఇల్లుండదు, వీళ్లకు పూర్తి డబ్బూ రాదు. బతకడానికి అయ్యే ఖర్చు దాచడం కూడా తప్పు లెక్కే. సరే, చెప్పండి."

అతను భార్య వైపు చూశాడు. ఆవిడ చెప్పుకుంటూ పోయింది: అత్తగారి మందులు, పగలు కూడా వేసుకోవడానికి ఆవిడ చెవి మిషనుకు బ్యాటరీలు, ఇద్దరి బస్సు చార్జీలు, తడిసి పెచ్చులూడుతున్న పైకప్పు. ఒక్కొక్కటీ చేరేకొద్దీ వాయిదా చిక్కిపోయి, గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

"ఇదేం దోపిడీ అండీ!" ఏజెంటు బల్ల చరిచాడు. "ఇంట్లో కూర్చునే ముసలావిడకి పగలంతా వినపడకపోతే మునిగిందేముంది? సాయంత్రాలు పెట్టుకుంటే చాలదా?"

తగ్గింపుల బాబాయి లేచి నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి బేరం దగ్గర అతని గొంతు పెరిగింది.

"మీ రంగులు కలిపే మిషను నా కొట్లో ఉన్నప్పుడు, ఒక్క పూట తుడవకపోతే గొట్టాలు ఎండిపోతాయని ఇంతెత్తున లేచేవాడివి. బేరాల్లేని రోజు కూడా కరెంటు తీయనిచ్చేవాడివి కాదు. ఆ ఖర్చంతా నాదే. ఇనపముక్కకి రోజంతా కావాలి, మా అమ్మకి సాయంత్రాలు చాలా? ఇంకోసారి ఆ మాట అని చూడు!"

ఏజెంటు నీళ్లు తాగాడు.

"సరే, బాబాయ్. పాత పరిచయం. నాలుగేళ్లు చేసుకుందాం, నీ మాటా నా మాటా కాకుండా."

అలవాటు కొద్దీ 'సరే' అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఐదు," అన్నాడు. "ఒక్క నెల కూడా తగ్గదు. ప్రతి పైసా కడతాను, కానీ ఐదేళ్లు."

అధికారిణి అంకె దిద్దింది. బాబాయి సంతకం పెట్టాడు, ఏజెంటూ గొణుగుతూనే పెట్టాడు.

ఇంటికి రాగానే అతను తల్లి మంచం దగ్గర నేలమీద కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "తప్పయిపోయిందమ్మా" అని తనకే వినపడనంత మెల్లగా అన్నాడు. ఆవిడ అతని తలమీద చెయ్యి వేసింది.

"ఏడవకురా. వినపడింది."

గుమ్మంలో నిలబడిన భార్య కొంగుతో కళ్లొత్తుకుని, ముఖం అటు తిప్పుకుంది.

ఆ రోజు లెక్క ఇలా తేలింది: బాకీ ఒక్క పైసా తగ్గలేదు. గడువు రెండేళ్లు పెరిగింది. అడక్కుండానే ఇచ్చే మంచివాడన్న పేరు బజారులో పోయింది. లాభం కింద వచ్చింది ఒక్కటే: ఇంట్లో ఎవరి దగ్గరా ఇక అప్పు చేయనక్కర్లేదు.