గంజి పెట్టిన ముఖం

"ఎవడప్పా ఈడ సూదులేసేది?"

ముందు మెట్ల మీద మాట వినపడింది, తర్వాత మనిషి వచ్చింది. తడిసిన గొడుగైనా ముడవకుండా గుమ్మంలో నిలబడి, గదినిండా నీళ్ళు కార్చింది. రెండో చేతిలో ఖాళీ మందుసీసా ఉంది.

నేను స్టవ్ మీద సిరంజీలు ఉడకబెడుతున్నాను. అది 1983 శ్రావణమాసం. ఆదోని మార్కెట్ వెనక సందులో, మేడ మీద గది మాది. కింద బోర్డు ఉండేది: 'నవయవ్వన క్లినిక్. ముఖంపై ముడతలకు ఫారిన్ ఇంజెక్షన్లు.' డాక్టరు మంగళవారం, శనివారం వచ్చేవాడు. బొంబాయిలో చదివానని చెప్పుకునేవాడు. ఏం చదివాడో గోడ మీద కాగితమైతే లేదు, నేనూ అడగలేదు. నేను కాంపౌండర్ని. పేరు మద్దిలేటి, ఊరు నందవరం, వయసు ఇరవై ఐదు.

"నేనేనమ్మా," అన్నాను.

"అమ్మా అంట! నీ కండ్లకు నేను ముసలిదాని మాదిరి కనపడతాండానా? నాకూ ఒక సూది పొడుద్దామనా?"

ఇరవై రెండు కూడా నిండి ఉండవు. కళ్ళు మామూలుగానే పెద్దవి, కోపంలో ఇంకా పెద్దవయ్యాయి. ఆ కళ్ళనే చూస్తూ సిరంజీల నీళ్ళలో వేలు పెట్టి కాల్చుకున్నాను.

"ఎమ్మిగనూరు అంజనమ్మ సెల్లెల్ని. మా అక్కకు ఆరు వారాల నుంచి ఏం మందు ఏస్తాండావు?"

"ఫారిన్ మందు. విటమిన్లు."

"ఓహో! ఫారిన్ దొరలకు స్పెల్లింగు రాదేమప్పా?" సీసా నా ముక్కు మీదికి తెచ్చింది. "యూత్ గోల్డంట. వై, యు, టీ, హెచ్. మధ్యలో ఓ యాడికి పోయింది? వానకు కొట్టుకపోయిందా?"

ఆ కాగితం నా చేతులతో అంటించింది. వందల సీసాలకు అంటించి ఉంటాను. తప్పు ఒక్కనాడూ కనపడలేదు. ఆమె టెన్త్ పాసు, నేను టెన్త్ ఫెయిలు అని తర్వాత తెలిసింది.

"ఓ లేకపోతే మందు పనిచేయదా?" నాకూ రోషం వచ్చింది. "మీ అక్క ముఖానికి కళ వచ్చిందా లేదా? అది సెప్పు."

అక్కడ ఆమె తగ్గింది. "వచ్చిందనే ఊరంతా అంటాండారు," అంది. మళ్ళీ అంతలోనే లేచింది. "సూదికి అరవై రూపాయలు! మా అక్క మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని వారమంతా నేస్తే వచ్చేదే అంత. మీకు మనసెట్ల ఒప్పుతుందప్పా?"

సీసా బల్ల మీద కొట్టి వెనక్కి తిరిగింది. నేను ఊరుకోవచ్చు కదా! "పేరన్నా సెప్పి పో," అన్నాను.

"సుంకులమ్మ! రాసుకో. సున్నా మాత్రం మర్చిపోవాకు!"

తిట్టి పోయిన మనిషి మీద మనసు పడ్డవాణ్ణి నేను. సిగ్గు లేదా అంటే, ఆ రోజుల్లో నాకు సిగ్గు చాలా విషయాల్లో లేదు.

ఆ సీసాల సంగతి చెప్పాలి. వాటిలో ఉన్నది ఉబ్బసానికి, కీళ్ళవాపులకు డాక్టర్లు కొలతగా ఇచ్చే స్టెరాయిడ్ మందు. సీసా మూడు రూపాయలు. ప్రతి శుక్రవారం వాటిని వేడినీళ్ళలో నానబెట్టి, అసలు కాగితం గీకేసి, బంగారు రంగు కాగితం అంటించడం నా పని. ఆ మందు వారం వారం పొడిస్తే ముఖం ఉబ్బుతుంది. ఉబ్బితే ముడతలు నిండిపోతాయి. మాది కరువు సీమ. బుగ్గలు నిండిన మనిషిని చూసి రోగమని ఎవరంటారు? 'కళ వచ్చింది' అంటారు. ఆ ఒక్క మాట మీదే మా డాక్టరు వ్యాపారం నడిచింది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే సూది పట్టుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

రెండు వారాల తర్వాత ఆదివారం, ఎమ్మిగనూరులో తువాలు కొనాలని నాకు నేనే చెప్పుకుని బస్సెక్కాను. ఆదోనిలో తువాళ్ళు దొరకవా అని ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది. దిగేసరికి కుండపోత. బస్టాండు ఎదురుగా హోటల్ చూరు కిందికి పరుగెత్తితే, అక్కడ నూలు మూట సంకలో పెట్టుకుని సుంకులమ్మ నిలబడి ఉంది.

తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె నవ్వింది!

"సూదులప్పా! నువ్వా? రా, ఉగ్గాని తిందాం. ఈ పొద్దు నేనే పెట్టిస్తా."

"నేనేం మంచి పని సేసినా?"

"మా అక్కకు సంబంధం కుదిరింది. ముందు 'మొగం ముదురు' అనిపోయినోళ్ళే, మొన్న వచ్చి సూసి సరే అన్యారు. నేను ఆ పొద్దు నోరు పారేసుకుంటి. మనసులో పెట్టుకోవాకు."

బెంచీ మీద ఎదురెదురుగా కూర్చున్నాం. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వచ్చాయి. తన బజ్జీ ఒకటి తీసి నా ప్లేటులో వేసింది. నూనె అంటిన వేళ్ళతోనే నుదుటి మీద తడి జుట్టు వెనక్కి తోసుకుంది. నేను చూడటం చూసి తల వంచుకుంది. ఏ మగవాడైనా కోరుకునే ఘడియ అది.

"మా నాయన పోయినప్పుడు అక్కకు పద్దెనిమిది," అంది సుంకులమ్మ. "అప్పటి నుంచి మగ్గం మీదనే ఉంది. నా సదువుకు, నా అన్నానికి నేసి నేసి ముదిరిపోయింది. ఇప్పుడు ముప్పై మూడు. మా శివయ్య మామ అందరికీ ఇరవై ఐదని సెప్తాడు. పెండ్లి దాకా సూదులు ఆపద్దన్యాడు. ఇంకో ఎనిమిది పడాలంట."

"ఒంట్లో బాగానే ఉందా?"

"రోంత నీరసం. గుంతలోంచి లేసేటప్పుడు కాళ్ళు వణుకుతాయి. దెబ్బ తగిలితే మానడం లేదు. పెండ్లి దిగులేమోలే."

సగం కొరికిన బజ్జీ ప్లేటులో పెట్టేశాను. నోరు మూసుకుని తింటే ఆ పిల్ల నవ్వుతూనే ఉంటుంది. ఇంకో ఎనిమిది సూదులతో అంజనమ్మ ఏమవుతుందో నాకు తెలుసు.

"సుంకులూ, అది కళ కాదు. వాపు," అన్నాను.

అంతా చెప్పాను. మందు పేరు, మూడు రూపాయలు, వేడినీళ్ళు, బంగారు కాగితం. ఒక్కసారిగా ఆపినా ప్రమాదమేనని, వెంటనే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పాను. శుక్రవారం ఊడదీసినప్పుడు జేబులో పడి ఉన్న అసలు కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టాను.

చదివింది. 

"తెలిసే ఏసినావా?"

"తెలిసే."

నా ముందున్న ప్లేటు లాగేసుకుంది. "నా దుడ్లతో తినద్దు నువ్వు. లెయ్యి ఈడ నుంచి!"

వానలోనే నడిచాను. తువాలు కొనలేదు.

మంగళవారం డాక్టరు రాగానే సీసాల పెట్టె ఎత్తి మురుగు మోరీలో కొట్టాను. ఆయన అరవలేదు. కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"తప్పు నాదా మద్దిలేటీ? ముదురు ముఖం వద్దన్న మగపెళ్ళివాళ్ళది. లోకం ఏది అడిగితే అది అమ్ముతున్నాను."

"అయితే ఆ లోకానికి పొడువు సూది. ఆడోళ్ళకెందుకు?"

"పొడిచింది నువ్వు కదయ్యా. నేనెప్పుడైనా సిరంజీ ముట్టుకున్నానా?"

 సూదులు వేయించుకున్నవాళ్ళ పేర్లు, ఊర్లు రాసిన చీటీల కట్ట మాత్రం పట్టుకుని దిగిపోయాను. పోలీసు స్టేషన్లో చెప్తే ఫిర్యాదు ఎవరిదన్నారు. ఆ శనివారానికే బోర్డు లేదు, డాక్టరూ లేడు.

ఆ వారమే, గురువారం నాడు ఎమ్మిగనూరు పోయాను. అంజనమ్మ ఇంట్లో ఆ రోజే తాంబూలాలు. పత్తికొండ నుంచి పెళ్ళికొడుకు బసన్న వచ్చి కూర్చున్నాడు. నలభై రెండేళ్ళ టమోటా వ్యాపారి, మొదటి భార్య పోయింది. పక్కన వాళ్ళమ్మ. నేను గడపలో కాలు పెట్టానో లేదో, శివయ్య మామ నా కాలరు పట్టుకున్నాడు.

"పెండ్లి సెడగొట్టేదానికొచ్చినావా రా? మా సుంకులు సెప్పిన కతలు సాలవా?"

"వదులు మామా."

లోపలి నుంచి అంజనమ్మ వచ్చింది. ముఖం సరిగ్గా చూడకుండానే జబ్బకు నేను సూది వేసిన మనిషి. ఆ రోజు ముఖం చూశాను. గుండ్రంగా, నున్నగా, తళతళలాడుతోంది. కాళ్ళు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. గోడ పట్టుకుని నిలబడింది.

"పెద్దమ్మా," అంది బసన్న తల్లితో, "నాకు ముప్పై మూడేండ్లు. ఇది నా మొగం కాదు, గంజి పెట్టిన మొగం. రెండు నెలలు పోతే దిగిపోతుంది. మీరు ముదురన్నారే, ఆ మొగమే మళ్ళా వస్తుంది. నీకు ఇష్టమేనా?" అని బసన్నను అడిగింది.

బసన్న వాళ్ళమ్మ వైపు చూశాడు. వాళ్ళమ్మ లేచింది. "వయసు దాచి మోసం సేస్తారా?"

"మోసమా! నలభై రెండేండ్ల మనిషికి ముప్పై మూడు ముదురైందా?" అంజనమ్మ గొంతు వీధిలోకి వినపడింది. "ఈయన సెంపలకు ఎవరన్నా సూది ఏసినారా? ఏసుకోని రమ్మని నేనడిగినానా? పోండి!"

పోయారు. మామ కూడా వాళ్ళ వెనకే బతిమాలుతూ పోయాడు. ఇంట్లో ముగ్గురం మిగిలాం. ఆ సమయంలో ఏ బుద్ధున్నవాడైనా నోరు మూసుకుంటాడు.

"అక్కా, నాకు మీ సెల్లెలంటే ఇష్టం," అన్నాను.

"థూ!" అంది సుంకులమ్మ.

అంజనమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఎంతమందికి ఏసినావు ఈ సూదులు?"

"శానా మందికి. చీటీలున్నాయి."

"ప్రతి ఇంటికీ పో. నేను తెలిసే ఏసినానని నీ నోటితో సెప్పు. ఎవరేం తిడితే అది తిను. అందరిదీ అయినాక వచ్చి అడుగు నా సెల్లెల్ని." చెల్లెలి వైపు తిరిగింది. "కొత్త మొగోణ్ణి ఆడోళ్ళున్న ఇండ్లలోకి ఎవరు రానిస్తారు? నువ్వు తోడు పో. అబద్ధం సెప్తాడేమో సూడు."

"నేనా? ఈయన మొగం సూడను."

"మొగం సూడద్దు. మాటలు విను."

అంజనమ్మను కర్నూలు తీసుకుపోయారు. అక్కడి డాక్టరమ్మ తిట్టాల్సినవి తిట్టి, మందు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మూడు నెలలకు మాత్రలు రాసింది. ఆ మూడు నెలలూ మేమిద్దరం వారానికి రెండు ఇళ్ళు తిరిగాం. సుంకులమ్మ ముందు, నేను పది అడుగులు వెనక.

ఒకామె చెంబుడు నీళ్ళు ముఖాన కొట్టింది. ఒకాయన చెప్పు తీశాడు. ఆదోనిలో గుల్జార్ బీ పరదా వెనక నుంచి అంతా విన్నది. ఆఖరికి ఏడ్చింది. "ఎండి కడియాలు అమ్ముకున్యా బాబూ. మా ఆయన పదేండ్లకు నన్ను సూసి నవ్వినాడు. ఇప్పుడు ఆయనకేం సెప్పల్ల?" సుంకులమ్మ పరదా లోపలికి పోయి ఆమె పక్కన కూర్చుంది. నేను బయట చెప్పుల దగ్గర నిలబడ్డాను.

ఇంకొక ఇంట్లో ఇంటావిడ అంతా విని, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించింది. "మూడు రూపాయల మందేనా? అయితే నువ్వే ఇంటికొచ్చి ఏసిపోరాదా? ఐదిస్తా."

సుంకులమ్మ వీధిలోకి వచ్చి పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "ఎవరిని తిట్టల్ల సెప్పు? ఈమెనా, నిన్నా? నేను మాత్రం? అక్క బుగ్గలు సూసి అందరి కంటే ముందు మురిసింది నేనే. 'ఎంత బాగుండావు అక్కా' అన్యాను. అంతకు ముందు ఆ మాట ఎప్పుడన్నా అన్యానా?"

 జేబురుమాలు ఇచ్చాను. తీసుకుంది. ఆ రోజు బస్టాండు దాకా పక్కపక్కనే నడిచాం. చినుకులు పడితే గొడుగు విప్పి, సగం నా వైపు వంచింది. నా వైపు చూడలేదు, గొడుగు మాత్రం వంచింది.

కార్తీకంలో ఒక ఉదయం ఆ ఇంటికి పోయాను. అంజనమ్మ గుంతలో కూర్చుని నేస్తోంది. ముఖం దిగిపోయింది. మునుపటికంటే చిక్కింది, కళ్ళ కింద గీతలు లోతయ్యాయి. సుంకులమ్మ మూల కూర్చుని నూలు కండెలు చుడుతోంది.

"అక్కా, ఇరవై మూడు ఇండ్లూ అయినాయి."

"సూదులేసింది ఎందరికి?"

"ఇరవై నాలుగు."

"ఇంకోటి యాడ?"

అప్పుడు తెలిసింది. ఊరూరా తిరిగి చెప్పాను, చెల్లెలికి చెప్పాను, ఈ మనిషికి మాత్రం నా నోటితో ఒక్క ముక్క చెప్పలేదు. గుంత గట్టు మీద, ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. మగ్గం ఆగింది.

"అక్కా, అది ముఖం ఉబ్బించే మందని నాకు తెలుసు. మీరు ప్రతి శనివారం నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు. 'ఈ వారం ఎట్లుండాను అబ్బాయ్' అని అడిగేవాళ్ళు. బాగుండారని సెప్పి ఏసేవాణ్ణి. తెలిసే ఏసినా."

ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి. చెయ్యెత్తి ఈడ్చి కొట్టింది. పదిహేనేళ్ళు మగ్గం లాగిన చెయ్యి అది. కళ్ళు బైర్లు కమ్మాయి.

"ఇప్పుడడుగు," అంది.

చెంప మండుతుండగానే అడిగాను. అంజనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "నాకు ఇష్టమే. ఇంక దాన్నడుగు," అంది.

మూల నుంచి సుంకులమ్మ లేచి వచ్చింది. కమిలిన నా చెంప వంక చూసింది. తర్వాత రెండో చెంప వంక చూసింది.

"ఒక సెంప అక్కది. రెండోది నాది. నువ్వు అబద్ధం ఆడిన పొద్దల్లా పడుతుంది, బతుకంతా. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను.