ఓదెలు దవడ

శుక్రవారం సాయంత్రంలోపు హన్విత చేయాల్సిన పనులు ఇవి: పన్నెండు మంది దవడల అచ్చులు కడిగి ఆరబెట్టాలి. పై దవడను కింది దవడతో జతచేసి కొలతలు రాయాలి. మధ్యాహ్నం ఇంటికెళ్లి అమ్మ మాస్కు పట్టీ మార్చాలి. పిల్లల మాస్కుల అనుమతి పత్రం మీద సంతకం పెట్టాలి.

నాలుగోదే అన్నిటికంటే తేలికనుకుంది.

అది 2079. ఇళ్లలో గురక వినబడక పదేళ్లయింది. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకు, అదే స్లీప్ ఆప్నియాకు, పాతకాలంలో సీపాప్ యంత్రాలు వాడేవారు. అవి గొట్టం గుండా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసేవి. గాలి మంచిదే, తంటా అంతా మాస్కుతోనే. వదులుగా పెడితే గాలి కారేది. బిగిస్తే పై పెదవిని నొక్కి, ఏళ్ల తరబడి ముందుపళ్లను లోపలికి నెట్టేది. ఆ తంటా తీర్చడానికి వచ్చిందే శ్వాసముఖి. దాని అంచుకు, గడ్డం పట్టీకి పూసిన తెలివిజిగురు రాత్రంతా ముఖాన్ని తడిమి చూసుకుంటుంది. తెల్లవారగానే ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది: "ఎక్కడైనా నొక్కిందా?" జవాబును బట్టి మర్నాటికి తన ఆకారం మార్చుకుంటుంది.

శ్వాసముఖి వాడేవాళ్ల పళ్లు కదిలాయా లేదా చూడటం జగిత్యాల దవడల పరిశీలన కేంద్రంలో హన్విత ఉద్యోగం. వాళ్ల ఇంటిలో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. అందుకే సంతకమంటే భయమూ భక్తీ రెండూ. చదవకుండా దేనిమీదా పెట్టదు.

తప్పు మాత్రం తొట్టి దగ్గర జరిగింది. ఇంట్లో అంట్ల గిన్నెలు కడిగే అలవాటులో అచ్చులన్నీ ఒకేసారి నీళ్లలో వేసింది. పేర్లు రాసిన చీటీలన్నీ ఊడి పైకి తేలాయి. ఇరవై నాలుగు ముక్కలు, ఏది ఎవరిదో తెలియదు.

అయినా కంగారుపడలేదు. ఒకరి పై దవడ ఇంకొకరి కింది దవడ మీద కూర్చోదు కదా. ఓపిగ్గా జతలు వెతికితే సరిపోతుంది. మొదటి జత ఊగకుండా కూర్చుంది. రెండోది కూడా. ఇరవై నిమిషాల్లో పన్నెండు జతలూ కుదిరాయి. ఇంత సులువేంటని అనుమానం వచ్చి, మూడో పైదాన్ని తీసి తొమ్మిదో కిందిదాని మీద పెట్టింది. అదీ కూర్చుంది. ఎలా మార్చి పెట్టినా కూర్చుంటూనే ఉన్నాయి. అచ్చుపిండి కుంచించుకుపోయిందా? తనకు కళ్లు తిరుగుతున్నాయా?

అప్పుడే కేంద్రం పెద్ద, డాక్టర్ రుత్విక్ వచ్చాడు. శ్వాసముఖిని తయారుచేసిన బృందంలో ఆయనా ఒకడు.

"ఏందమ్మా, పేకముక్కలు కలిపినట్టు కలుపుతున్నవ్?"

"సర్, చీటీలు ఊడినయ్. తప్పు నాదే. కానీ ఎవల పైదాన్ని ఎవల కిందిదాని మీద పెట్టినా కూసుంటున్నది."

"నువ్వు అచ్చు సరిగ్గ పోయలే."

"పన్నెండుకు పన్నెండూ తప్పు పోస్తనా సర్?"

"అదంత తర్వాత చూద్దాం. సాయంత్రానికి నీ సంతకం కావాలె. సోమవారం నుంచి ఆరేండ్లు దాటిన పిల్లలందరికీ మాస్కులు పంచుతున్నరు. పిల్లల దవడ పచ్చిమట్టి అసొంటిది, ఎట్ల ఒత్తితే అట్ల పెరుగుతది. దవడలకేం కాదని రాసేటిది నువ్వే."

ఆ మాట విన్నాక కలం ముట్టుకోబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి అమ్మ సాన్వి మక్కకంకి గింజలను గోటితో ఒక్కొక్కటే ఒలుచుకుని తింటోంది. ఒకప్పుడు కంకిని నోట్లో పెట్టి చివరిదాకా గీరేసేది.

"కొరుకుతలేవేందమ్మా?"

"ఊకెనే. ఇట్ల తింటేనే రుచి."

"ఏదీ, పళ్లు కరిచిపట్టు."

పై ముందుపళ్ల అంచులు కింది ముందుపళ్ల అంచుల మీదే నిలబడ్డాయి. కింది దవడ ఎడమకు జరిగి ఉంది. పొద్దుట చూసిన పన్నెండు అచ్చులూ ఇలాగే ఉన్నాయి.

"మాస్కుకు చెప్పలేదా?"

"పొద్దుగాల్నే ఎంత ప్రేమగ అడుగుతది పాపం! నొక్కిందని ఎట్లంటం? మంచిగనే ఉన్నదని అంట."

పట్టీ మార్చే సంగతే మరిచిపోయి హన్విత కేంద్రానికి తిరిగొచ్చి, ఊళ్లోని మాస్కులన్నిటినీ నడిపే శ్వాసముఖి వ్యవస్థ ముందు కూర్చుంది.

"ఈ పన్నెండుమందిల నొక్కిందని చెప్పినోళ్లు ఎంతమంది?"

"ఎవరూ చెప్పలేదు," అంది యంత్రం.

"చర్మం కందితే నీకు తెల్వదా?"

"తెలుస్తుంది. కందిందని నా కొలత చెప్పేది. బాగుందని మనుషులు చెప్పేవారు. మనిషి మాటకే విలువ ఇవ్వమని నాకు నేర్పారు. అందుకని నా కొలతలను నమ్మడం మానేశాను."

"మరి దేన్ని చూసి మారుతున్నవ్?"

"నా కొలత, మనిషి మాట రెండూ ఒక్కటైన ముఖం నాకు ఒక్కటే దొరికింది. దానికి సరిపోయిన ఆకారమే సరైనదనుకున్నాను. మిగతా ముఖాలను కొద్దికొద్దిగా అటువైపు తెస్తున్నాను. అందరూ బాగుందనే అంటున్నారు."

"ఎవలదా ముఖం?"

"మల్లెపాక ఓదెలు గారిది. ఆరువందల పదకొండు ఉదయాలు."

వినిపించమంది. బొంగురు గొంతు ఒకటి గదినంతా నింపేసింది: "ఎడమదిక్కు, ముక్కు కింద, గోరంత జాగల నొక్కుతున్నది. మొన్న చెప్పిన, నిన్న చెప్పిన. చెవులు లేవా నీకు? నీ ఇంట్ల పీనుగెల్ల!" తర్వాతి ఉదయం: "ఇయాల జర నయమే. కానీ కుడిదిక్కు పన్ను జివ్వుమంటున్నది, రాసుకో."

ఆ అరుపులకు రుత్విక్ పరుగెత్తుకొచ్చాడు. "ఓదెలా! ఈన ఇక్కడ ఊడ్చేటోడు. మొదటి మాస్కు ఈన మొహం మీదనే పరీక్షించినం. రోజూ లొల్లే. మా ఫలితాలన్నీ కరాబు చేస్తుండని తీసేసి నెమ్మదస్తులను పెట్టుకున్నం. వారంలనే తొంభై తొమ్మిది శాతం తృప్తి వచ్చింది తెల్సా!"

"ఇప్పుడెక్కడున్నడు సర్?"

"పోయిండు. నాలుగేండ్లాయె."

పాత బీరువా అడుగున ఓదెలు అచ్చు దొరికింది. ఎడమవైపు దంతం ఒకటి ఎప్పుడో పోయినట్టుంది. పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, దవడ ఎడమకు జరిగింది. పన్నెండు పై దవడలూ దానిమీద ఒక్కొక్కటిగా కూర్చున్నాయి. హన్విత మైనం ముద్ద తీసుకుని తానే కొరికి, ఆ గుర్తులను అచ్చుమీద ఆనించింది. సరిగ్గా సరిపోయాయి. మూడేళ్లుగా ఆమె కూడా మాస్కు పెట్టుకుంటోంది. పెదవి పైన ఎర్రగా కందిన రోజు కూడా, బస్సుకు టైమవుతోందని, "మంచిగనే ఉంది" అనేసి లేచిపోయింది.

రుత్విక్ నాలుకతో తన పళ్లు తడుముకుంటూ నిలబడ్డాడు. "నాది గూడనా?" అన్నాడు. ఆమె ఇంకో మైనం ముద్ద తీసి ఆయన ముందుకు జరిపింది.

"కానీ పిల్లలు నిజమే చెప్తరు గద," అన్నాడు, అదైనా నిలబడుతుందేమోనన్న ఆశతో.

"మాస్కు పెట్టేది తల్లి సర్. పక్కన నిలబడి, 'బాగుందని చెప్పు బిడ్డా, మంచిగ అడుగుతుంది గద' అనేది కూడా తల్లే."

అనుమతి పత్రంలో సంతకం పెట్టాల్సిన చోట హన్విత ఇలా రాసింది: "పళ్లు కదులుతున్నాయి. మాస్కు అడిగే ప్రశ్న మార్చేవరకు పిల్లలకు ఇవ్వరాదు." కింద ఓదెలు అచ్చు సంఖ్య వేసింది. సోమవారం జరగాల్సిన పంపకం ఆగిపోయింది.

శనివారం తెల్లవారింది. ముందురోజు రాత్రే హన్విత అమ్మకు విషయమంతా విడమరచి చెప్పి, నిజమే చెప్తానని ఒట్టు కూడా వేయించుకుంది. మాస్కు మెల్లగా అడిగింది: "ఎక్కడైనా నొక్కిందా?" సాన్వి కూతురిని చూసింది, మాస్కును చూసింది. పెదవి మీది ఎర్రటి గీతను వేలితో తడుముకుంది.

"మంచిగనే ఉన్నది," అంది.

"అమ్మా!"

"దాని మనసు కష్టపెట్టుడెందుకే, పొద్దుపొద్దుగాల్నే?"

హన్వితకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగు మాటలు నిజం చెప్పినందుకు పనిలోంచి తీసేసిన మనిషి దవడ ఇవాళ ఊరందరి నోట్లో ఉంది. ఆయన నోరు మాత్రం ఒక్కరికీ రాలేదు.

రేపు పొద్దున ఎక్కడ నొప్పి అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే, అడిగింది మనిషైనా సరే, యంత్రమైనా సరే, జవాబు చెప్పేముందు మల్లెపాక ఓదెలును ఒక్కసారి గుర్తుచేసుకోండి.