గేటు మూసుకునేదాకా

“మనిద్దరికీ ఫ్రెంచ్ ముక్క రాదు. ఏదైనా జరిగితే ఎవర్ని పిలుస్తామే? ఏమని చెప్తాం?”

డోరిన్ పొద్దుటినుంచీ ఇదే పాట.

కూతురు టెస్సా నవ్వుతుంది. “మూడు మెరీనాలు తిరిగొచ్చాం కదమ్మా! పడవ పొడుగెంతంటే వేళ్ళు చూపించాం. రాత్రికి ఉంటామని చెంప కింద చెయ్యి పెట్టుకున్నాం. నువ్వయితే గురక పెట్టి మరీ చూపించావు!”

“నవ్వు, నవ్వు. నువ్వూ తల్లివైతే తెలుస్తుంది.”

ప్లిమత్ నుంచి తల్లీకూతుళ్ళిద్దరే వచ్చారు, చిన్న తెరచాప పడవలో. బ్రిటనీ అనే ఫ్రెంచ్ తీరంలో ఈ మెరీనా, అంటే పడవల రేవు, కిక్కిరిసి ఉంది. ఇంకో పడవని ఆనుకుని తమది కట్టుకున్నారు. గట్టెక్కాలంటే ఆ పడవ మీంచే దాటాలి. దాని తాలూకు వాళ్ళు భోజనానికి పోయారు.

పొద్దు వాలుతోంది. ఊళ్ళో ఎక్కడో సైరన్...

ధబ్!

ఎవడో పక్క పడవ మీదకి దూకుతాడు.

పడవ ముక్కు వైపు నుంచి కాదు. సరాసరి వాళ్ళు కూచునే చోటు తొక్కుకుంటూ... బూట్లతో!

పడవల వాళ్ళెవరూ అలా దాటరు.

‘వీడికి పడవలు తెలీవు,’ అనుకుంటుంది డోరిన్.

అప్పుడు కనబడుతుంది... చొక్కా చేతుల నిండా నెత్తురు.

తుపాకి!

వాడు టెస్సాని జుట్టు పట్టి ఈడుస్తాడు. గొట్టం చెవి కింద పెడతాడు.

“అలే! అలే!”

మిగతాదంతా గోల. తాళ్ళు చూపిస్తాడు. ఇంజన్ చూపిస్తాడు. సముద్రం చూపిస్తాడు.

దీనికి భాష కావాలా?

సముద్రంలోకి తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళాక... మొహం చూసిన ఇద్దర్ని ఎందుకు బతకనిస్తాడు?

డోరిన్ సముద్రంలోకి పోయే మెరీనా గేటు వైపు చూస్తుంది. పచ్చ లైటు.

ఆటు మొదలైంది. నీళ్ళు దిగుతున్నాయి. కాసేపట్లో లైటు ఎర్రబడుతుంది. లోపలి నీళ్ళు పోకుండా అడుగునుంచి ఇనుప తలుపు లేస్తుంది. లేచినా కాసేపు నీళ్ళ కిందే ఉంటుంది. పైకి ఏమీ కనబడదు!

అంతదాకా లాగాలి. ఎలాగైనా...

“ఏంటి బాబూ? ఇదా?” బకెట్ అందిస్తుంది.

తుపాకి పిడి మూతి మీద పడుతుంది. పన్ను ఊడి నాలుక మీదకొస్తుంది. ఉమ్మేస్తుంది.

“పోనీ ఇదా?” కాఫీ ఫ్లాస్కు.

వాడు టెస్సా చిటికెనవేలు పట్టుకుంటాడు. వెనక్కి విరుస్తాడు.

ఫట్!

“అమ్మా! తాళ్ళు విప్పమంటున్నాడే! అర్థం కావట్లేదా!”

“నాకేం తెలుసే! నాకు ఫ్రెంచ్ వచ్చా?”

ఆ కేకలకి దూరంగా ఏదో పడవలోంచి ఒక తల లేస్తుంది. వాడు కాలుస్తాడు. తల మాయం!

టెస్సాని ఒక్క తన్ను తన్ని క్యాబిన్ మెట్ల మీంచి లోపలికి తోసేస్తాడు. ఏదో చెక్కకి తల తగిలిన చప్పుడు...

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

దేవుడా.

వాడు మెట్ల దగ్గర నిలబడతాడు. గొట్టం క్యాబిన్‌లోకి. కళ్ళు డోరిన్ మీద.

ఆమె తాళ్ళ మీదకి వంగుతుంది. విప్పుతున్నట్టే వేళ్ళు ఆడిస్తూ... ఇంకో ముడి వేస్తుంది. దాని మీద ఇంకోటి. పడవలు తెలిసినవాడైతే ఈపాటికి కాల్చేసేవాడు!

ఎర్ర లైటు!

ముడుల జోలికి పోదు. ప్రతి తాడుకీ రెండో కొసుంది కదా. అది వదిలేస్తుంది. ఇంజన్ అందుకుంటుంది.

గేటు దగ్గరవుతోంది...

డోరిన్ వాడి వైపు చూసి తియ్యగా నవ్వుతుంది. ఇంగ్లీషులో అంటుంది, “ఒరే పంది వెధవా, నీ చేతులు పడిపోనూ.”

వాడి రెప్ప కూడా ఆడదు.

రాదు! వీడికి ఇంగ్లీషు రాదు!

అదే నవ్వుతో, “టెస్సా, పడవ గుద్దుకోబోతోంది. కింద పడుకుని ఏదైనా గట్టిగా పట్టుకో తల్లీ.”

జవాబు లేదు.

“వింటున్నావా?”

లేదు.

స్పృహలో ఉందా? అసలు ఉందా? గుద్దితే తల పగులుతుందేమో... గుద్దకపోతే ఇద్దరూ పోతారు...

వాడూ ఎర్ర లైటు చూస్తాడు. చూసి నవ్వుతాడు. మనుషుల్ని చంపొచ్చినవాడు సిగ్నల్ దగ్గర ఆగుతాడా? పొమ్మని తుపాకి ఊపుతాడు.

డోరిన్ ఇంజన్ ఆఖరికంటా తోస్తుంది.

ఢాం!!

పడవ నిలువునా ఆగిపోతుంది. చుక్కాని చక్రం ఆమె రొమ్ముకి గుద్దుకుంటుంది. పక్కటెముక విరుగుతుంది. వాడు తలకిందులుగా క్యాబిన్‌లోకి...

తుపాకి పేలుతుంది. లోపల!

పొగ.

“టెస్సా!”

నీళ్ళు చొరబడుతున్న బుడబుడ. గట్టు మీద బూట్ల పరుగులు, ఫ్రెంచిలో అరుపులు. ఏమంటున్నారో... అననీ.

“టెస్సా! పలకవే!”

మెట్ల మీదకి ఒక చెయ్యి వస్తుంది. నెత్తుటి చెయ్యి.

పెద్దది. వాడిది!

వేళ్ళు పై మెట్టు అంచు పట్టుకుంటాయి. పైకి లాక్కుంటున్నాడు... నుదురు... ఒక కన్ను...

క్యాబిన్‌లోంచి తుపాకి ఇంకోసారి పేలుతుంది.

కన్ను లేదు. చెయ్యి ఒక్కో మెట్టే జారిపోతుంది.

డోరిన్ చక్రం వదిలి మెట్ల వైపు పాకుతుంది. ఇంజన్ ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు.

“...అమ్మా.”

“తల్లీ!”

“లోపలికి రాకు. ఇది నువ్వు చూడకూడదు.”