గొట్టం మీద తుప్పు లేని చోటు

తవిటమ్మ స్నానాల గదిలో వెల్లకిలా పడి ఉంది. కుడి అరచేతిలో నల్లగా కాలిన మచ్చ. పైన బల్బు వెలుగుతోంది. గోడకి లాంతరూ వెలుగుతోంది.

అది ఎనభై ఆరు, వర్షాకాలం. హౌరా దగ్గర టికియాపారా రైల్వే క్వార్టర్స్.

ఇన్‌స్పెక్టర్ సత్యారావుకి కేసు తేలిగ్గా తోచింది. బల్బు తీగ చెక్కుచెదరలేదు. ఎవరో వేరే తీగ తెచ్చి ఆమెకు తగిలించి ఉండాలి. ముందురోజు మొగుడు కోదండం ఆమెతో గొడవపడ్డాడని పక్కింటి గోపీనాథ్ స్టేట్‌మెంట్ ఇచ్చాడు. ట్రాక్ పనిలో ఉన్న కోదండాన్ని అక్కణ్ణించే జీపెక్కించారు. తనకేమీ తెలియదని అతను ఏడుస్తుంటే సత్యారావు చెంప మీద కొట్టాడు.

మూడోనాటి సాయంత్రం స్టేషన్లో లోడ్‌షెడ్డింగ్. కానిస్టేబుల్ లాంతరు వెలిగించాడు. కరెంటు రాగానే ఉఫ్‌మని ఊదేశాడు.

సత్యారావు చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

కరెంటు వచ్చాక లాంతరు ఆర్పనిది ఎవరు? కరెంటు వచ్చిన క్షణంలోనే చనిపోయిన మనిషి.

తవిటమ్మ పోయిన రోజు తెల్లవారుజామున కోదండం డ్యూటీకి బయల్దేరినప్పుడు కరెంటు లేక పేటంతా చీకటి. టార్చిలైటు వేసుకుని కలిసి నడిచామని తోటి గ్యాంగ్‌మన్లు చెప్పారు. వాళ్ళ మాట సత్యారావే కొట్టిపారేశాడు. లేని కరెంటుతో అతనెలా చంపుతాడు?

జీపు మళ్ళీ క్వార్టర్స్‌కి పరిగెత్తింది. తవిటమ్మ అరచేతి మచ్చ కుళాయి పట్టుకున్నదే. ఆ కుళాయి గొట్టం గోడలోంచి గోపీనాథ్ ఇంట్లోకి వెళ్తుంది. అక్కడ పాత ఫ్రిజ్ వెనక గొట్టమంతా తుప్పు. ఒక్కచోట మాత్రం ఉంగరంలా మెరుపు.

సత్యారావు గోపీనాథ్‌నీ, అతని భార్య కామాక్షమ్మనీ, ఇరుగుపొరుగునీ ఆ గదిలోకి పిలిచాడు.

"ఇక్కడ తీగ కట్టి ఉండేది. ఎవరు విప్పారు?"

కామాక్షమ్మ మొగుడి వైపు చూసింది.

"ఫ్రిజ్ షాక్ కొడితే దాని బాడీ నుంచి ఈ గొట్టానికి తీగ వేశారు. షాక్ ఆగిందనుకున్నారు. గొట్టం నేలలోకి దిగే చోట ప్లాస్టిక్ ముక్క వేసి ఉంది, కరెంటు దిగే దారి లేదు. లాంతరు వెలుగులో ఆవిడ తడి నేల మీద నిలబడి కుళాయి పట్టుకుంది. కరెంటు వచ్చింది."

గోపీనాథ్ ఆ మెరిసే చోటుని చేత్తో తడిమాడు.

"లైసెన్సున్న కరెంటు మిస్త్రీని పిలిసినాను బాబూ. ఫ్రిజ్ ఆపీమన్నాడు, ఎల్లుండొచ్చి నేలలో ఎర్త్ దించుతానన్నాడు. లోపల అమ్మ సుగరు ఇంజక్షన్లున్నాయి. ఆగనేక నానే తీగ కట్టీసినాను."

"విప్పిందెప్పుడు?"

"దాని కేక ఇన్నాక. కోదండాన్ని తీసుకెల్తంటే సెప్పాలనుకున్నాను. నోరు రానేదు."

సత్యారావుకి అతన్ని కొట్టాలనిపించలేదు. కోదండాన్ని కొట్టిన తన చెయ్యి మీద తనకే నమ్మకం పోయింది.

స్టేషన్‌కి తిరిగొచ్చి లాకప్ తాళం తనే తీశాడు. కోదండం చెంప ఇంకా వాచి ఉంది. ఎవరు చంపారని అతను అడగలేదు.

"దానికి కొరివి ఎవులెట్టినారు బాబూ?"

దహనానికి మొగుణ్ణి పంపనన్నది సత్యారావే.

"గోపీనాథ్" అన్నాడు.

"మంచోడు బాబూ. సొంత తమ్ముడు లాటోడు." కోదండం రెండు చేతులూ జోడించాడు.

సత్యారావు టోపీ తీసి, లాకప్ నేల మీద అతని పక్కన కూర్చున్నాడు.

"కోదండం, ఒక మాట చెప్పాలి" అన్నాడు.